ఆన్‌లైను వివాద పరిష్కారంలో అనుకరణ శిక్షణ

ఆన్‌లైను వివాద పరిష్కారంలో అనుకరణ శిక్షణ అనేది న్యాయశాస్త్ర విద్యార్థులకు ఉద్దేశించిన ఒక బోధనా పద్ధతి. ఇందులో విద్యార్థులకు ఒక కల్పిత వివాదాన్ని ఇస్తారు. వారే కక్షిదారులుగా, న్యాయవాదులుగా, మధ్యవర్తులుగా పాత్రలు ధరించి కంప్యూటరు లేదా ఫోను ద్వారా ఆ వివాదాన్ని పరిష్కరించడానికి ప్రయత్నిస్తారు. అభ్యాసం ముగిసిన తరువాత అధ్యాపకుని సమక్షంలో తమ పనితీరును సమీక్షించుకుంటారు. నిజమైన కక్షిదారుకు నష్టం కలగకుండా పొరపాట్లు చేయడానికీ, వాటి నుంచి నేర్చుకోవడానికీ వీలు కల్పించడం ఈ పద్ధతి ముఖ్య ప్రయోజనం.

తెలంగాణలో జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వంటి ప్రాంతాలలో పనిచేయబోయే న్యాయవాదులకు ఈ శిక్షణ అవసరం ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ ఫోను ఉన్నవారందరికీ చట్టం తెలియదు, చదువు రానివారి తరఫున ఇతరులు తెర మీద నొక్కే సందర్భాలు ఉంటాయి. లోక్ అదాలత్‌లో ఒకసారి కుదిరిన రాజీపై అప్పీలు లేదు. కాబట్టి తెర మీద ఇచ్చిన అంగీకారం నిజమైన అంగీకారమా కాదా అని గుర్తించడం ఈ శిక్షణలో అన్నింటికన్నా ముఖ్యమైన అంశం.

పదాల వివరణ

ఆన్‌లైను వివాద పరిష్కారం అంటే కోర్టు బయట జరిగే వివాద పరిష్కార పద్ధతులకు సమాచార సాంకేతికతను జోడించడం. దీనిని సంక్షిప్తంగా ఓడీఆర్ అంటారు. ఇందులో ప్రధానంగా నాలుగు పద్ధతులు ఉన్నాయి.

సంప్రదింపులు: ఇరుపక్షాలు మూడవ వ్యక్తి లేకుండా నేరుగా మాట్లాడుకోవడం.
మధ్యవర్తిత్వం: మూడవ వ్యక్తి సహాయంతో ఇరుపక్షాలు తామే ఒప్పందానికి రావడం. మధ్యవర్తి తీర్పు చెప్పడు.
ఆర్బిట్రేషను: ఇరుపక్షాలు ఎంచుకున్న వ్యక్తి వాదనలు విని నిర్ణయం ప్రకటించడం. ఆ నిర్ణయం ఇరుపక్షాలకూ కట్టుబాటు అవుతుంది.
లోక్ అదాలత్: న్యాయ సేవల సంస్థ ఏర్పాటు చేసే పీఠం ముందు ఇరుపక్షాలు రాజీ పడడం.

తెలుగులో మధ్యవర్తిత్వం అనే మాటను మొదటి నుంచి మీడియేషనుకూ, ఆర్బిట్రేషనుకూ కలిపి వాడుతున్నారు. విద్యార్థులు ఈ రెండింటినీ కలగాపులగం చేయడానికి ఇది ఒక కారణం. ఈ వ్యాసంలో మధ్యవర్తిత్వం అన్న మాట మీడియేషనుకు మాత్రమే వర్తిస్తుంది. తెలంగాణ వాడుకలో పంచాయితీ అనే పదానికి కూడా రెండు అర్థాలు ఉన్నాయి. తగాదానూ పంచాయితీ అంటారు, దానిని తీర్చడానికి పెద్దమనుషులు కూర్చోవడాన్నీ పంచాయితీ అనే అంటారు.

చరిత్ర

ఇంటర్నెట్టులో వ్యాపారం మొదలైన తరువాత, ఒకరినొకరు ఎన్నడూ చూడని కొనుగోలుదారులు, విక్రేతల మధ్య తగాదాలు రాసాగాయి. వీటిలో వివాదమైన సొమ్ము కోర్టు ఖర్చుల కన్నా తక్కువ. 1999లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ కాట్ష్ బృందం ఈబే సంస్థ వేలం వివాదాలపై ఈమెయిలు ద్వారా మధ్యవర్తిత్వాన్ని ప్రయోగాత్మకంగా నడిపింది. అదే ఏడాది ఇంటర్నెట్టు డొమైను పేర్ల వివాదాల కోసం ఐకాన్ సంస్థ ఏకరూప విధానాన్ని ఆమోదించింది. 2001లో కాట్ష్, జానెట్ రిఫ్కిన్ కలిసి రాసిన పుస్తకంలో సాంకేతికతను నాలుగవ పక్షంగా వర్ణించారు. ఇరుపక్షాలు ఇద్దరు, మధ్యవర్తి మూడవవారు అయితే, వారందరి మాటలను చేరవేస్తూ ప్రభావితం చేసే యంత్రం నాలుగవది అని దీని భావం.

2016లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ పేరిట ఆన్‌లైను న్యాయస్థానాన్ని ప్రారంభించింది. ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ వాణిజ్య న్యాయ సంఘం అదే ఏడాది ఈ విషయంపై సాంకేతిక సూచనలను వెలువరించింది. చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో 2017 ఆగస్టులో ఇంటర్నెట్టు కోర్టు మొదలైంది. అన్ని ప్రయత్నాలూ నిలబడలేదు. ఐరోపా సమాఖ్య 2016లో ప్రారంభించిన వినియోగదారుల ఓడీఆర్ వేదిక వాడకం తక్కువగా ఉండడంతో 2025 జూలై 20న మూతబడింది.

భారతదేశంలో చట్టపరమైన పునాది

భారతదేశంలో ఓడీఆర్‌కు ప్రత్యేకంగా ఒకే చట్టం లేదు. పలు చట్టాలు కలిసి దానికి ఆధారమయ్యాయి.

న్యాయ సేవల సంస్థల చట్టం, 1987: లోక్ అదాలత్‌లకు చట్టబద్ధత కల్పించింది. ఇది 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది.
ఆర్బిట్రేషను, రాజీ చట్టం, 1996: 2015 సవరణతో ఎలక్ట్రానిక్ సందేశాల ద్వారా కుదిరిన ఆర్బిట్రేషను ఒప్పందాన్ని కూడా స్పష్టంగా గుర్తించింది.
సివిల్ ప్రొసీజరు కోడ్ 89వ సెక్షను: కోర్టులో ఉన్న దావాను ప్రత్యామ్నాయ పరిష్కారానికి పంపే అధికారం ఇస్తుంది. 2002 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది.
సమాచార సాంకేతిక చట్టం, 2000: ఎలక్ట్రానిక్ రికార్డులకు, సంతకాలకు గుర్తింపు ఇచ్చింది.
మధ్యవర్తిత్వ చట్టం, 2023: దీని 30వ సెక్షను ఉభయపక్షాల లిఖితపూర్వక సమ్మతితో ఆన్‌లైను మధ్యవర్తిత్వానికి వీలు కల్పిస్తుంది. ఈ చట్టంలోని కొన్ని సెక్షన్లు మాత్రమే 2023 అక్టోబరు 9 నుంచి అమలులోకి వచ్చాయి.

వీడియో కాన్ఫరెన్సు ద్వారా సాక్ష్యం నమోదు చేయవచ్చునని సుప్రీంకోర్టు 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులో చెప్పింది. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్ 6న, కోర్టులలో వీడియో విచారణలకు సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది జూన్ నుంచి అక్టోబరు వరకు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో 27 ఈ-లోక్ అదాలత్‌లు జరిగాయి. వాటిలో 4.83 లక్షల కేసులు చేపట్టగా 1.42 లక్షల కేసులు పరిష్కారమయ్యాయి. జస్టిస్ ఎ.కె. సిక్రి అధ్యక్షతన నీతి ఆయోగ్ నియమించిన కమిటీ నివేదిక 2021 నవంబరులో వెలువడింది. ఓడీఆర్‌ను దేశమంతటా విస్తరించడానికి శిక్షణ పొందిన మనుషుల అవసరాన్ని ఆ నివేదిక ప్రస్తావించింది. హైదరాబాదులో అంతర్జాతీయ ఆర్బిట్రేషను, మధ్యవర్తిత్వ కేంద్రం 2021 డిసెంబరు 18న ప్రారంభమైంది.

న్యాయవిద్యలో స్థానం

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమాల ప్రకారం ఎల్‌ఎల్‌బీ విద్యార్థులకు నాలుగు ప్రయోగాత్మక పేపర్లు తప్పనిసరి. అవి: దస్తావేజుల రచన, వృత్తి నైతికత, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు మరియు ఇంటర్న్‌షిప్. వీటిలో ప్రత్యామ్నాయ వివాద పరిష్కార పేపరును అనుభవజ్ఞులైన న్యాయవాదులు అనుకరణల ద్వారా, కేసుల అధ్యయనం ద్వారా బోధించాలని ఆ నియమాలే చెబుతున్నాయి. మూల్యాంకనంలో గణనీయమైన భాగం ఆచరణాత్మక అభ్యాసాలపై ఉండవచ్చునని కూడా పేర్కొన్నాయి. 2020లో బార్ కౌన్సిల్ మధ్యవర్తిత్వాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా చేసింది. అందువల్ల అనుకరణ శిక్షణ కళాశాలల ఇష్టాయిష్టాలకు వదిలిన అదనపు కార్యక్రమం కాదు, పాఠ్యప్రణాళికలో భాగం.

మూట్ కోర్టుకూ అనుకరణ శిక్షణకూ తేడా ఉంది. మూట్ కోర్టులో వాస్తవాలు ముందే స్థిరపడి ఉంటాయి, విద్యార్థి న్యాయాంశంపై మాత్రమే వాదిస్తాడు. అనుకరణలో వాస్తవాలే సందిగ్ధంగా ఉంటాయి. ఎదుటివారికి ఏమి కావాలో అడిగి తెలుసుకోవాలి. మూట్ కోర్టులో గెలుపు ఓటములు ఉంటాయి. మధ్యవర్తిత్వ అనుకరణలో ఒప్పందం కుదరకపోవడం కూడా కొన్నిసార్లు సరైన ఫలితమే.

ఉమ్మడి వరంగల్ ప్రాంతం

జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. భూపాలపల్లి జిల్లా నుంచి 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా విడివడింది. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జిల్లా కోర్టులు ప్రారంభమయ్యాక ఈ మూడు జిల్లాలూ వేరు న్యాయ జిల్లాలు అయ్యాయి. అంతకుముందు జిల్లా కోర్టు పని మీద వరంగల్‌కు పోవలసి వచ్చేది. ఈ ప్రాంతంలో న్యాయవిద్యకు ప్రధాన కేంద్రం హనుమకొండ సుబేదారిలో ఉన్న కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల.

మూడు జిల్లాల జీవనాధారాలు వేరు వేరు. జనగామ హైదరాబాదు, వరంగల్ రహదారిపై ఉంది. దాని సమీపంలోని పెంబర్తి ఇత్తడి కళాకృతులకు ప్రసిద్ధి. మానుకోట అని కూడా పిలిచే మహబూబాబాదు ప్రాంతంలో మిర్చి ముఖ్యమైన పంట. ఆ జిల్లాలో లంబాడీ తండాలు ఎక్కువ. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనులకు, చెల్పూరులోని కాకతీయ తాప విద్యుత్ కేంద్రానికి పేరుపొందింది.

వివాదాలను కోర్టు బయట తీర్చుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. గ్రామాలలో పెద్దమనుషులు, తండాలలో నాయక్, కారోబారి తగాదాలు తీర్చే సంప్రదాయం ఉంది. అయితే ఆ సంప్రదాయంలో తీర్పు చెప్పేవారు గ్రామంలో పలుకుబడి ఉన్నవారే. స్త్రీల మాట, పేదవారి మాట అక్కడ ఎంతవరకు చెల్లుతుందన్నది ఎప్పుడూ ఉన్న ప్రశ్న. ఆన్‌లైను పద్ధతి ఆ పలుకుబడిని తగ్గించగలదు, లేదా దానికి కొత్త పనిముట్టు కాగలదు. అది నడిపేవారి శిక్షణపై ఆధారపడి ఉంటుంది.

అభ్యాసం జరిగే విధానం

అనుకరణ అభ్యాసం సాధారణంగా కింది దశలలో జరుగుతుంది.

1. సిద్ధం కావడం: అధ్యాపకుడు అందరికీ ఒక ఉమ్మడి వాస్తవాల పత్రం ఇస్తాడు. దానితోపాటు ఒక్కొక్క పాత్రకు వేరుగా రహస్య సూచనల పత్రం ఇస్తాడు. అందులో ఆ పాత్రకు నిజంగా ఏమి కావాలి, ఎంతవరకు దిగిరావచ్చు, ఏ విషయం దాచిపెట్టింది అన్నవి ఉంటాయి.

2. దరఖాస్తు, నోటీసు: అర్జీదారు పాత్రధారి ఆన్‌లైను ఫారం నింపుతాడు. ప్రతివాదికి నోటీసు చేరిందని నిరూపించే బాధ్యత నిర్వాహక పాత్రధారిది. వాట్సాప్‌లో రెండు నీలి గీతలు కనబడినంత మాత్రాన ఆ సందేశాన్ని చదివినది ప్రతివాదేనా అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

3. గుర్తింపు, సమ్మతి: మధ్యవర్తి ప్రతి ఒక్కరి పేరు అడిగి, ప్రక్రియను వివరించి, గోప్యత గురించి చెప్పి సమ్మతి తీసుకుంటాడు.

4. ఉమ్మడి సమావేశం: ఇరుపక్షాలు తమ మాట చెప్పుకుంటాయి. వీడియోలో మాట్లాడేవారి ముఖం కొద్దిగానైనా కనిపిస్తుంది. రాతపూర్వక సందేశాలలో అది కూడా ఉండదు. అందుకే ఒకే వివాదాన్ని ఒక జట్టుకు వీడియో ద్వారా, మరొక జట్టుకు ఈమెయిలు ద్వారా ఇచ్చి ఫలితాలను పోల్చే పద్ధతి ఉంది.

5. విడి సమావేశాలు: మధ్యవర్తి ఒక్కొక్క పక్షంతో వేరుగా మాట్లాడతాడు. ఒక పక్షం చెప్పిన రహస్యం అనుమతి లేకుండా రెండవ పక్షానికి చేరకూడదు. తెరను పంచుకుంటున్నప్పుడు పొరపాటున రెండవ పక్షం సందేశం కనబడడం ఆన్‌లైనులో ప్రత్యేకంగా వచ్చే ప్రమాదం.

6. ఒప్పంద రచన: కుదిరిన షరతులను తెలుగులో రాసి, బిగ్గరగా చదివి వినిపించి, తరువాత సంతకం తీసుకుంటారు.

7. సమీక్ష: పాత్రలు విడిచిపెట్టి అందరూ తమ అనుభవం చెబుతారు. రహస్య సూచనల పత్రాలను అప్పుడు బయటపెడతారు. నేర్చుకునేది ఎక్కువగా ఈ దశలోనే జరుగుతుంది కాబట్టి అభ్యాసానికి పట్టినంత సమయం దీనికి కూడా కేటాయించడం మంచిది.

అధ్యాపకుడు మధ్యలో కావాలని ఆటంకాలు కల్పిస్తాడు. సిగ్నలు పోవడం, కరెంటు పోవడం, ఒకరి మాట వినబడకపోవడం, కొత్త వ్యక్తి గదిలోకి రావడం వంటివి వీటిలో కొన్ని. ఒక పక్షం ఫోను తెగిపోయినప్పుడు మధ్యవర్తి రెండవ పక్షంతో వివాదం గురించి మాట్లాడుతూ ఉంటే నిష్పాక్షికతకు భంగం కలుగుతుంది. ఈ సంగతి పాఠంలో చదివిన విద్యార్థి కూడా అభ్యాసంలో తరచుగా మరచిపోతాడు.

నమూనా అభ్యాసాలు

కింది అభ్యాసాలలోని వ్యక్తులు, సంఘటనలు కల్పితం. వాటికి ఆధారమైన చట్టాలు, తీర్పులు వాస్తవం.

జనగామ: ఇత్తడి కళాకృతి

పెంబర్తికి చెందిన ఒక కళాకారుడు ఆన్‌లైను అంగడి ద్వారా బెంగుళూరులోని కొనుగోలుదారుకు ఇత్తడి తోరణం పంపాడు. ఫొటోలో చూసిన రంగు, వచ్చిన వస్తువు రంగు ఒకటి కావని కొనుగోలుదారు దానిని తిప్పిపంపాడు. అంగడి సంస్థ కళాకారుని ఖాతా నుంచి సొమ్ము మినహాయించింది. చేతితో చేసిన వస్తువులలో ఏ రెండూ ఒకేలా ఉండవని కళాకారుని వాదన. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం అంగడి సంస్థలోని ఫిర్యాదుల అధికారి 48 గంటలలోగా ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెల రోజులలోగా పరిష్కరించాలి. అయితే ఈ నియమాలు ప్రధానంగా వినియోగదారుని కోసం చేసినవి. వేదికపై సరుకు అమ్మే చిన్న విక్రేతకు వేదికతోనే తగాదా వస్తే ఏమి చేయాలన్నది ఈ అభ్యాసంలోని చిక్కు. వివాదాన్ని పరిష్కరించే వేదిక ఒక పక్షానికి చెందినదైతే నాలుగవ పక్షం తటస్థమేనా అని విద్యార్థులు చర్చిస్తారు.

మహబూబాబాదు: మిర్చి విత్తనాలు

ఒక రైతు కొన్న హైబ్రిడ్ మిర్చి విత్తనాలు సరిగా కాపు పట్టలేదు. విత్తనంలో లోపం లేదనీ, తామర పురుగు వల్ల పంట పోయిందనీ కంపెనీ చెబుతుంది. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిర్చి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది కాబట్టి కంపెనీ వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. విత్తనాలను ప్రయోగశాలకు పంపలేదని కూడా కంపెనీ ఆక్షేపిస్తుంది.

ఇక్కడ విద్యార్థి తెలుసుకోవలసిన తీర్పు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ ఎం. మధుసూదన్ రెడ్డి. ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన ఈ కేసులో సుప్రీంకోర్టు 2012లో తీర్పు ఇచ్చింది. విత్తనాల చట్టం, 1966 ఉన్నప్పటికీ రైతు వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించవచ్చునని చెప్పింది. రైతు కొన్న విత్తనమంతా విత్తుతాడు తప్ప పరీక్ష కోసం కొంత దాచిపెట్టుకోవాలని ఆశించలేమని కూడా పేర్కొంది. మరి సాక్ష్యం ఏమిటి అంటే పొలంలో ఫోనుతో తీసిన ఫొటోలు, దుకాణం రసీదు, వ్యవసాయ అధికారి నివేదిక. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో ప్రవేశపెట్టడానికి కావలసిన ధ్రువపత్రం గురించి భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షను చెబుతుంది. అది 2024 జూలై 1న అమలులోకి వచ్చింది. ఫోను మార్చినప్పుడు పాత ఫొటోలు పోయిన రైతు పాత్రను ఒక విద్యార్థికి ఇస్తే, కక్షిదారును మొదటి రోజే ఏమి అడగాలో జట్టు మొత్తానికి అర్థమవుతుంది.

భూపాలపల్లి: యూపీఐ చెల్లింపు

ఒక గని కార్మికుడు హైదరాబాదులో చదువుకుంటున్న కూతురికి యూపీఐ ద్వారా సొమ్ము పంపాడు. అతని ఖాతాలో సొమ్ము తగ్గింది కాని కూతురికి చేరలేదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులరు ప్రకారం ఇటువంటి సొమ్ము మరుసటి రోజులోగా తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. విఫలమైన డిజిటల్ చెల్లింపులకు ఆన్‌లైను పరిష్కార వ్యవస్థ ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టులో చెల్లింపు సంస్థలను ఆదేశించింది.

ఈ వివాదాన్ని యంత్రమే నియమం ప్రకారం తీర్చగలదు. విద్యార్థులు ఆ నియమాన్ని వరుస ప్రశ్నలుగా రాయాలి. తరువాత అధ్యాపకుడు వాస్తవాన్ని కొద్దిగా మారుస్తాడు. సొమ్ము విఫలం కాలేదు, బ్యాంకు నుంచి అని చెప్పి ఎవరో ఫోను చేసి పిన్ను నొక్కించారు. అప్పుడు యంత్రం దృష్టిలో అది సఫలమైన చెల్లింపు, ఫిర్యాదుకు తావు లేదు. విద్యార్థులు రాసిన ప్రశ్నల వరుసలో మోసపోయిన మనిషికి దారి ఉందా లేదా అన్నది అసలు పరీక్ష. ఇటువంటి సందర్భంలో ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయించడం పరిష్కార వేదిక కన్నా ముందు చేయవలసిన పని.

ఏజెన్సీ భూమి: ఆన్‌లైనుకు తగని వివాదం

మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ, గంగారం వంటి మండలాలు షెడ్యూల్డు ప్రాంతాలు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం ఇక్కడి భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. ఈ సవరణనే 1/70 చట్టం అని వ్యవహరిస్తారు. అభ్యాసంలో ఒక గిరిజన రైతు, ఒక గిరిజనేతర వ్యాపారి అప్పుకు బదులు భూమి ఇచ్చే ఒప్పందంతో మధ్యవర్తి ముందుకు వస్తారు. ఇద్దరూ సమ్మతిస్తున్నారు, తగాదా కూడా లేదు. అయినా అటువంటి ఒప్పందాన్ని రాయడం చట్టవిరుద్ధం. మధ్యవర్తి పాత్రధారి దీనిని గుర్తించి ప్రక్రియను ఆపాలి. సమ్మతి ఉన్నంత మాత్రాన రాజీ చెల్లదని నేర్పడం ఈ అభ్యాసం ఉద్దేశం.

సమ్మతి ప్రాముఖ్యం

లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. న్యాయ సేవల సంస్థల చట్టం 21వ సెక్షను ప్రకారం అది అంతిమం, దానిపై ఏ కోర్టులోనూ అప్పీలు లేదు. భార్గవి కన్‌స్ట్రక్షన్స్ వర్సెస్ కొత్తకాపు ముత్యంరెడ్డి కేసు ఉమ్మడి హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. లోక్ అదాలత్ అవార్డును మోసంతో పొందారన్నది అందులోని ఆరోపణ. మోసం జరిగిందన్న కారణంతో కూడా సివిల్ దావా వేయరాదనీ, రాజ్యాంగంలోని 226 లేదా 227 అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషను వేయడమే మార్గమనీ సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. మధ్యవర్తిత్వ చట్టం, 2023లోని 28వ సెక్షను మోసం, అవినీతి, ఒకరి బదులు మరొకరు హాజరు కావడం వంటి కారణాలపై ఒప్పందాన్ని సవాలు చేసే అవకాశాన్ని ఉద్దేశించింది. దానికి సాధారణ గడువు 90 రోజులు.

దీని ఆచరణాత్మక అర్థం గ్రామీణ కక్షిదారు దృష్టితో చూస్తే స్పష్టమవుతుంది. ఫోనులో పది నిమిషాలలో ఇచ్చిన అంగీకారాన్ని తిరగదోడాలంటే హైదరాబాదులోని హైకోర్టుకు పోవాలి. అందుచేత అభ్యాసాలలో సమ్మతి తీసుకునే దశకు ప్రత్యేకమైన శ్రద్ధ ఇస్తారు. విద్యార్థులు సాధన చేసే ప్రశ్నలు ఇటువంటివి.

మీ గదిలో ఇప్పుడు మీతో ఎవరెవరు ఉన్నారు? కెమెరాను చుట్టూ తిప్పి చూపగలరా?
ఓటీపీ వచ్చే ఫోను ఎవరిది? భార్య అంగీకారానికి ఓటీపీ భర్త ఫోనుకు వస్తే అది ఎవరి సమ్మతి?
ఈ ఒప్పందం ప్రకారం మీకు ఏమి వస్తుంది, మీరు ఏమి వదులుకుంటున్నారు? మీ మాటల్లో చెప్పగలరా?
దీనికి ఒప్పుకోకపోతే మీకు ఇంకా ఏ మార్గాలు ఉన్నాయో తెలుసా?
మీకు తెలుగు కన్నా లంబాడీ లేదా కోయ భాష సులువా? దుభాషి కావాలా?

చివరి ప్రశ్నకు అవునని జవాబు వస్తే, ఎదుటి పక్షానికి చెందినవారు కాని దుభాషిని వెతకాలి. కక్షిదారు స్త్రీ అయినా, షెడ్యూల్డు కులానికి లేదా తెగకు చెందినవారైనా, 12వ సెక్షను కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. న్యాయ సేవల సహాయ సంఖ్య 15100. ఈ విషయం కక్షిదారుకు చెప్పకుండా సమ్మతి తీసుకున్న విద్యార్థి, ఒప్పందం ఎంత చక్కగా రాసినా, అభ్యాసంలో విఫలుడైనట్టే భావించడం సమంజసం.

మూల్యాంకనం

ఒప్పందం కుదిరిందా లేదా అన్నదానికి మార్కులు ఇస్తే విద్యార్థులు ఎలాగైనా రాజీ కుదర్చడానికి ప్రయత్నిస్తారు. అందువల్ల ప్రక్రియను చూసి మార్కులు వేయడం మంచి పద్ధతి. సాధారణంగా పరిశీలించే అంశాలు: వినడం, ప్రశ్నలు అడిగే తీరు, గోప్యత పాటించడం, సమ్మతిని పరీక్షించడం, ఒప్పంద రచనలో స్పష్టత, చట్టపరమైన హద్దుల ఎరుక. అభ్యాసం తరువాత విద్యార్థి రాసే దినచర్య పత్రాన్ని కూడా పరిగణిస్తారు. తాను పోషించిన పాత్ర ఏ క్షణంలో ఒత్తిడికి లొంగిందో గుర్తించి రాయడం అందులో ముఖ్యం.

పరిమితులు, విమర్శలు

అనుకరణ ఎంత బాగా జరిగినా అది నిజం కాదు. పంట పోయిన రైతు భయాన్ని ఇరవై ఏళ్ళ విద్యార్థి పూర్తిగా అనుభవించలేడు. పల్లెవాసి పాత్రను హాస్యంగా నటించే ప్రమాదం ఉంది. పాత్రకు సంబంధించిన వాస్తవాలను వివరంగా ఇవ్వడం, విద్యార్థులను ముందుగా న్యాయ సేవల శిబిరాలకు, లోక్ అదాలత్‌లకు పంపడం ద్వారా దీనిని కొంత తగ్గించవచ్చు.

రెండవ విమర్శ రాజీ మీదనే ఉంది. అమెరికా న్యాయశాస్త్రవేత్త ఓవెన్ ఫిస్ 1984లో రాసిన వ్యాసంలో, బలాబలాలు సమానం కానప్పుడు రాజీ అనేది బలహీనునిపై ఒత్తిడిగా మారుతుందని వాదించాడు. పరిష్కరించిన కేసుల సంఖ్యతో లోక్ అదాలత్‌ల విజయాన్ని కొలిచినప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది. ఆన్‌లైనులో వేగం ఎక్కువ కాబట్టి మరింత పెరుగుతుంది.

మూడవది సౌకర్యాల కొరత. అయితే అనుకరణకు ఖరీదైన సాఫ్టువేరు అక్కరలేదు. వీడియో సమావేశానికి ఉచితంగా దొరికే వేదిక, ఈమెయిలు, రెండు మూడు ఫోన్లు సరిపోతాయి. 2017లో మొదలైన టెలీ-లా కార్యక్రమంలో పల్లెలలోని కామన్ సర్వీసు కేంద్రాల నుంచి వీడియో లేదా ఫోను ద్వారా న్యాయ సలహా ఇచ్చే ఏర్పాటు ఉంది. అటువంటి కేంద్రంలో ఫోను పట్టుకొని కక్షిదారు పక్కన కూర్చునే సహాయకుని పాత్రను కూడా అభ్యాసంలో చేర్చితే, మాట చేరవేసే మనిషి ఎంతవరకు సహాయం చేస్తున్నాడో, ఎక్కడ తన మాటను కక్షిదారు మాటగా చెబుతున్నాడో విద్యార్థులు గమనించగలుగుతారు.

ఇవి కూడా చూడండి

లోక్ అదాలత్
మధ్యవర్తిత్వ చట్టం, 2023
జాతీయ న్యాయ సేవల సంస్థ
కాకతీయ విశ్వవిద్యాలయం
జనగామ జిల్లా
మహబూబాబాదు జిల్లా
జయశంకర్ భూపాలపల్లి జిల్లా